సానియా తర్వాత: తెలుగు ఆడపిల్లకు టెన్నిస్ బతుకుదెరువు అవుతుందా?

2023 ఫిబ్రవరి 21న దుబాయ్‌లో సానియా మీర్జా తన ఆఖరి మ్యాచ్ ఆడింది. అమెరికా క్రీడాకారిణి మాడిసన్ కీస్‌తో కలిసి డబుల్స్‌లో దిగి, రష్యా జోడీ వెరోనికా కుదెర్మెతోవా, లుద్మిలా సమ్సోనోవాల చేతిలో రెండు సెట్లలోనే ఓడిపోయింది. ఆమె రాకెట్ పక్కన పెట్టగానే పాత ప్రశ్న మళ్లీ పైకి వచ్చింది. తర్వాత ఎవరు?

ఈ ప్రశ్న చుట్టూ ఇరవై ఏళ్లుగా వాదనలు పోగుపడ్డాయి. డబ్బు లేదని కొందరంటారు. మంచి అకాడమీ లేదని కొందరు, ఊళ్లో టోర్నీలు పెట్టడం లేదని ఇంకొందరు. ఇవేవీ కాదు, మన ఇళ్లలో ఆడపిల్లను అంత దూరం పోనివ్వరని తేల్చేసేవాళ్లూ ఉన్నారు. ఎవరి మాటలోనూ పూర్తి అబద్ధం లేదు కాబట్టే ఈ చర్చ ఎప్పటికీ తెగదు.

అయితే ఈ వాదనలన్నీ దాదాపు హైదరాబాద్‌లో పుట్టినవి, హైదరాబాద్‌ను చూసి చేసినవి. వాటిని కడప జిల్లా వేంపల్లె దాకా తెచ్చి చూస్తే ఏది నిలుస్తుంది, ఏది దారిలోనే దిగిపోతుంది అన్నది ఇక్కడ పెట్టుకున్న పరీక్ష. పాపఘ్ని ఒడ్డున మండల కేంద్రం, చుట్టూ శెనక్కాయ చేలు, చీనీ తోటలు, అరటి తోటలు. ఇలాంటి ఊళ్లో టెన్నిస్ బంతికి కొదవుండదు, ఏ ఫ్యాన్సీ అంగట్లో అడిగినా దొరుకుతుంది. కొనేది మాత్రం క్రికెట్ ఆడే మగపిల్లలు.

ఒక ప్రయాణం, అడుగడుగునా రష్యన్లు

సానియా 1986 నవంబర్ 15న ముంబయిలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగింది. ఆరేళ్లకు రాకెట్ పట్టింది. తండ్రి ఇమ్రాన్ మీర్జాయే ప్రధాన శిక్షకుడు. మిగతాదంతా చాలామందికి తెలిసిందే కానీ, ఒక చిత్రమైన సంగతి అంతగా చర్చకు రాలేదు. ఆమె కెరీర్‌లో ముఖ్యమైన మలుపుల దగ్గర ఎవరో ఒక రష్యన్ ఎదురవుతుంది, పక్కనో, అవతలి వైపునో.

2003లో వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచినప్పుడు జోడీ అలీసా క్లెయ్‌బనోవా. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ సింగిల్స్ నెగ్గి, మహిళల ప్రొఫెషనల్ టూర్ డబ్ల్యూటీఏలో సింగిల్స్ టైటిల్ అందుకున్న తొలి భారతీయ మహిళ అయింది. ఆ వెంటనే దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించడంతో ఆమె పేరు ప్రపంచానికి తెలిసింది. అదే కుజ్నెత్సోవా ఆ ఏడాది వింబుల్డన్ రెండో రౌండ్‌లో మూడు సెట్లు ఆడి బాకీ తీర్చుకుంది. యూఎస్ ఓపెన్‌లో సానియా నాలుగో రౌండ్ దాకా వెళ్లింది, అప్పటికి ఏ భారతీయ మహిళా అంత దూరం పోలేదు. అక్కడ మరియా షరపోవా 6-2, 6-1తో ఇంటికి పంపింది.

2007 ఆగస్టులో సింగిల్స్ ర్యాంకు 27. అదే ఆమె శిఖరం. 2008లో మణికట్టు గాయం, మోకాళ్ల శస్త్రచికిత్సలు, తర్వాత సింగిల్స్‌కు సెలవు. డబుల్స్‌లో రెండో జన్మ ఎత్తింది. 2011లో ఎలెనా వెస్నినాతో కలిసి ఇండియన్ వెల్స్ గెలిచి, ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లింది.

నాలుగేళ్ల తర్వాత అదే వెస్నినా అవతలి వైపు. 2015 వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనల్‌లో సానియా, మార్టినా హింగిస్ ఒక పక్క, వెస్నినా, ఎకతెరినా మకరోవా ఇంకో పక్క. తొలి సెట్ రష్యన్లది, రెండోది టై బ్రేక్‌లో సానియా జోడీది. మూడో సెట్‌లో రష్యన్లు 5-2తో ముందుకు పోయారు. ఇంకొక్క గేమ్ చాలు. అక్కడి నుంచి స్కోరు 5-5 అయింది. వెలుతురు తగ్గడంతో ఆట ఆపి, సెంటర్ కోర్టు పైకప్పు మూసి, దీపాలు వేశారు. తిరిగొచ్చాక మిగిలిన రెండు గేములూ సానియా, హింగిస్‌లవే, 5-7, 7-6, 7-5. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే డబుల్స్ నంబర్ వన్ అయిన సానియా ఆ స్థానంలో మొత్తం 91 వారాలు ఉంది. ఆ జోడీ వరసగా 41 మ్యాచ్‌లు గెలిచింది. 2016 ఫిబ్రవరిలో దోహాలో ఆ పరుగును ఆపింది మళ్లీ వెస్నినాయే, ఈసారి దారియా కసత్కినాతో కలిసి.

మూడు మహిళల డబుల్స్ గ్రాండ్‌స్లామ్‌లు, మూడు మిక్స్‌డ్, మొత్తం 43 డబ్ల్యూటీఏ డబుల్స్ టైటిళ్లు. ఈ లెక్కల మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ వాటి అర్థం మీద. టెన్నిస్‌లో అసలు గొప్పతనం సింగిల్స్‌దే, డబుల్స్ రెండో పంక్తి భోజనమని తేలిగ్గా తీసేసేవాళ్లున్నారు. ముంజేతి విసురుతో ఫోర్‌హ్యాండ్‌ను అంత బలంగా కొట్టే అమ్మాయి సర్వీస్ బలహీనతనూ, దెబ్బతిన్న కీళ్లనూ లెక్కలోకి తీసుకుని, సగం కోర్టులో తన ఆయుధం ఎక్కడ పనికొస్తుందో అక్కడే నిలబడిందనేది రెండో పక్షం. కెరీర్‌ను పదిహేను, ఇరవై ఏళ్ల జీవనోపాధిగా చూస్తే రెండో పక్షానిదే బలం. వెస్నినా, మకరోవాల పేర్లు కూడా ఎక్కువగా డబుల్స్ ట్రోఫీల మీదే కనిపిస్తాయి. రష్యాలో మాత్రం వాళ్ల వెనక షరపోవాలూ ఉన్నారు. మనకు వెనకా ముందూ సానియా ఒక్కతే. ఆమె డబుల్స్ మీద మనవాళ్లు ఇంత వాదులాడటం ఆ లోటు వల్లే.

మాస్కో పాఠాన్ని రెండు రకాలుగా చదివారు

2004లో మూడు గ్రాండ్‌స్లామ్‌లు ముగ్గురు రష్యన్ అమ్మాయిలవి. ఫ్రెంచ్ ఓపెన్ అనస్తాసియా మిస్కినాది, వింబుల్డన్ షరపోవాది, యూఎస్ ఓపెన్ కుజ్నెత్సోవాది. పారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఫైనల్లో ఓడింది కూడా రష్యనే, ఎలెనా దెమెంతియెవా. 2008 బీజింగ్ ఒలింపిక్స్ మహిళల సింగిల్స్‌లో స్వర్ణం, రజతం, కాంస్యం మూడూ రష్యాకే. ఆ దేశానికి అంతకుముందు చెప్పుకోదగ్గ పేరంటే 1974లో ఫ్రెంచ్, వింబుల్డన్ ఫైనల్స్ ఆడిన ఓల్గా మొరొజోవా. ఇంత పంట ఒక్కసారి ఎలా పండిందన్నది ప్రపంచమంతా అడిగింది, మనవాళ్లూ అడిగారు.

మొదటి జవాబు క్లబ్బు. 1988 సియోల్ ఒలింపిక్స్‌తో టెన్నిస్ మళ్లీ పతకాల ఆట కావడంతో సోవియట్ యంత్రాంగం దాని మీద చూపు నిలిపింది. తర్వాత అధ్యక్షుడైన యెల్త్సిన్‌కు టెన్నిస్ పిచ్చి, కాబట్టి ఆటకు హోదా వచ్చింది. మాస్కోలో స్పార్టక్ అనే పాత క్లబ్బు ఉంది. అక్కడ లరీసా ప్రెయొబ్రజెన్‌స్కయా లాంటి శిక్షకురాళ్లు చిన్నపిల్లల చేత బంతి లేకుండానే రాకెట్ ఊపించేవారు. మెల్లగా, ఒకే కదలిక, వందలసార్లు. అంతా చేసి అక్కడున్నది ఒకే ఒక్క ఇండోర్ కోర్టు. ఇది విన్న మనవాళ్లు ‘చూశారా, కోర్టులు కాదు, గురువు కావాలి’ అన్నారు.

రెండో జవాబు దీనికి పూర్తిగా ఎదురు. షరపోవా స్పార్టక్ పంట కాదు. 1994లో తండ్రి యూరీ కొద్ది వందల డాలర్లతో చిన్నపిల్లను వెంటబెట్టుకుని ఫ్లోరిడా వెళ్లాడు. వీసా రాక తల్లి రెండేళ్లు రష్యాలోనే ఉండిపోయింది. కుజ్నెత్సోవా స్పెయిన్‌లో తయారైంది. 2025లో పదిహేడేళ్లకే దుబాయ్, ఇండియన్ వెల్స్ గెలిచిన మిర్రా ఆంద్రెయెవా సైబీరియాలోని క్రాస్నోయార్స్క్‌లో పుట్టినా ఫ్రాన్స్‌లో సాధన చేసింది. మాస్కోలో పుట్టిన ఎలెనా రిబాకినా ఖర్చులు భరిస్తామన్న కజకిస్తాన్ జెండా కింద 2018లో ఆడటం మొదలుపెట్టింది, 2022లో వింబుల్డన్ గెలిచింది. కసత్కినా 2025 నుంచి ఆస్ట్రేలియా తరఫున ఆడుతోంది. అంటే దేశం ఇచ్చింది పునాది, పై అంతస్తులు ఎవరికి వారు బయట కట్టుకున్నవే.

మనవాళ్ల వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో రష్యా పేరు వచ్చినప్పుడల్లా ఈ రెండింటిలో తమకు అనువైనదే చెప్పి ఊరుకుంటారు. అకాడమీ కావాలన్నవారికి స్పార్టక్, తల్లిదండ్రుల త్యాగం కావాలన్నవారికి యూరీ షరపోవ్. మూడో సంగతి ఎవరూ ఎత్తరు. 1990లలో రష్యాలో చదువుకున్నవాళ్ల జీతాలు కుప్పకూలాయి. ఇంజినీరుకూ శాస్త్రవేత్తకూ నెల గడవని రోజులవి. అలాంటప్పుడు పదేళ్ల కూతురి చేతిలో రాకెట్ పెట్టడం ఆ ఇంటికి పెద్ద జూదమేమీ కాదు, పోగొట్టుకునేదే తక్కువ. ఈ సంగతి దగ్గరికి తర్వాత మళ్లీ వద్దాం.

‘గోపీచంద్ చేశాడు కదా’

తెలుగునాట అకాడమీ వాదానికి అతి పెద్ద సాక్ష్యం బ్యాడ్మింటన్. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కు 2003లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాలు ఇచ్చింది. నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్లు ఇచ్చారు, గోపీ ఇల్లు తాకట్టు పెట్టాడు, 2008లో అకాడమీ నిలబడింది. అక్కడ సాధన చేసిన సైనా 2012లో ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. సింధు రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, 2019లో ప్రపంచ చాంపియన్‌షిప్ తెచ్చింది. అదే నగరం, అదే కాలం, అలాంటి ఇళ్ల పిల్లలే. బ్యాడ్మింటన్‌లో వరస కట్టారు, టెన్నిస్‌లో ఒక్కతే మిగిలింది. సానియా కూడా 2013లో నగర శివార్లలోని ముర్తుజాగూడలో తన పేరుతో అకాడమీ పెట్టింది కదా, మరి తేడా ఎక్కడ?

ఆట నడిచే తీరులోనే తేడా ఉంది. బ్యాడ్మింటన్‌లో ప్రతిభ చూపిన అమ్మాయిని జాతీయ సంఘం జట్టుగా విదేశాలకు పంపుతుంది, టికెట్టు, గది, కోచ్ అన్నీ దాని బాధ్యతే. పైగా ఆ ఆటలో పోటీపడే దేశాలు కొన్నే. టెన్నిస్‌లో ర్యాంకు ఎవరికి వారు కొనుక్కోవాల్సిన సరుకు. అంతర్జాతీయ సమాఖ్య ఐటీఎఫ్ టోర్నీల్లో అట్టడుగు మెట్టు డబ్ల్యూ15. మొత్తం ప్రైజ్‌మనీ 15 వేల డాలర్లు, అదీ సింగిల్స్, డబుల్స్ అందరికీ కలిపి. మొదటి రౌండ్‌లో ఓడితే చేతికొచ్చేది రెండు వందల డాలర్లకు లోపే. విమానం టికెట్టుకు కూడా చాలదు. కోచ్‌ను వెంట తీసుకెళ్తే అతని ఖర్చూ ఆమెదే. ఇలా వారం వారం ఊరు మారుతూ రెండు మూడేళ్లు తిరిగితే మూడు వందల ర్యాంకు దగ్గరికి వస్తారు. సుమారు 230 లోపు వస్తేనే గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్ గేటు తెరుచుకుంటుంది, వంద లోపు వస్తేనే నేరుగా మెయిన్ డ్రా. ఆ గేటు దాటాక లోకం మారిపోతుంది. 2025 వింబుల్డన్‌లో సింగిల్స్ మొదటి రౌండ్‌లోనే ఓడినవారికి 66 వేల పౌండ్లు ఇచ్చారు, మన డబ్బులో డెబ్బై లక్షలకు పైమాటే.

పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. మాస్కోలో గురువు దొరికాడు, దారిఖర్చు కోసం బయటికి పోయారు. హైదరాబాద్ బ్యాడ్మింటన్‌కు గురువూ దొరికాడు, దారిఖర్చూ దొరికింది. హైదరాబాద్ టెన్నిస్‌కు గురువులు కొంతమేరకు దొరికారు, దారిఖర్చు దొరకలేదు. కాబట్టి అకాడమీ వాదం సగమే నిజం. వేంపల్లె విషయంలో ఆ సగం కూడా నిలవదు. ఒక పల్లె పిల్ల అకాడమీ కోసం పదేళ్ల వయసులో తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో అద్దె ఇంటికి మారాలి. ఆ అద్దె ఏ క్రీడా బడ్జెట్‌లోనూ కనిపించదు.

ఇంటి దగ్గరి టోర్నీలు

మూడో వాదం టోర్నీ నిర్వాహకులది. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలు, 2003 నుంచి 2005 దాకా డబ్ల్యూటీఏ టోర్నీ, ఇవన్నీ వరసగా హైదరాబాద్‌కు వచ్చాయి. ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో సానియాకు నాలుగు స్వర్ణాలు. 2004 హైదరాబాద్ ఓపెన్‌లో లీజెల్ హ్యూబర్‌తో డబుల్స్, మరుసటి ఏడు సింగిల్స్. ఇంటి అన్నం తిని, ఇంటి ఎండలో ఆడి, అంతర్జాతీయ పాయింట్లు సంపాదించుకునే అవకాశం సరైన వయసులో ఆమెకు దొరికింది. తర్వాత ఆ టోర్నీ బెంగళూరుకు పోయింది, కొన్నాళ్లకు అక్కడా ఆగింది. 2022లోనూ 2025లోనూ చెన్నైలో డబ్ల్యూటీఏ ఆట జరిగింది. 

ఈ వాదానికి ఇటీవలి సాక్ష్యాలు బాగానే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన మహిళల దేశాల జట్ల పోటీ బిల్లీ జీన్ కింగ్ కప్‌లో హైదరాబాద్ అమ్మాయి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక తన సింగిల్స్ మ్యాచ్‌లన్నీ గెలిచి భారత్‌ను ప్లే ఆఫ్స్‌కు చేర్చింది. సొంత గడ్డ మీద ఆడే పిల్ల వేరే మనిషిలా ఉంటుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. కానీ ఒకటి రెండు పెద్ద టోర్నీలతో నిచ్చెన తయారుకాదు, ఏడాదికి పదో పన్నెండో చిన్నవి కావాలి. ఈ ఒక్క వాదం మాత్రం వేంపల్లె దాకా రాగలదు, ఎందుకంటే ఇక్కడికి హైదరాబాద్, విజయవాడల కన్నా బెంగళూరే దగ్గర. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అక్కడ. రాష్ట్ర టెన్నిస్ సంఘాల హద్దులు బస్సు రూట్లను చూసి గీసినవి కావు మరి.

గౌను, ఎండ, నలుగురి నోళ్లు

2005లో సానియా పొట్టి గౌను మీద కొందరు మతపెద్దలు అభ్యంతరం చెప్పడం దేశమంతా చర్చ అయింది. 2008లో వరస వివాదాలతో విసిగి ఆమె బెంగళూరు టోర్నీకి రానంది. 2014లో కొత్త తెలంగాణ రాష్ట్రానికి ప్రచారకర్తగా నియమించి కోటి రూపాయలు ఇస్తే, పాకిస్తాన్ క్రికెటర్‌ను పెళ్లాడిందంటూ రాజకీయ నాయకుడొకరు వేలెత్తి చూపాడు. ఈ ఉదంతాలను గుర్తుచేసి, సమాజమే అడ్డు అంటారు నాలుగో పక్షంవారు. పిల్ల నల్లబడుతుంది, పెళ్లి ఎలా అన్న మాట మన వీధుల్లో వినపడనిదేమీ కాదు. 

అయితే ఈ వాదం ఇప్పుడు కడప జిల్లాలోనే చిక్కుల్లో పడింది. వీరపునాయునిపల్లె మండలం నుంచి వచ్చిన నల్లపురెడ్డి శ్రీచరణి 2025 నవంబర్ 2న ప్రపంచ కప్ గెలిచిన భారత మహిళల క్రికెట్ జట్టులో ఉంది. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. వేంపల్లెకు ఎంతో దూరం కాదు ఆ మండలం. అనంతపురం జిల్లా నుంచి బారెడ్డి అనూష 2023లోనే భారత జట్టుకు ఆడింది. ఆ ఇళ్లకూ ఇరుగుపొరుగు ఉన్నారు, అక్కడా ఎండే. నోళ్లు మూయించింది అవకాశం. 2025 మహిళల ప్రీమియర్ లీగ్‌కు శ్రీచరణిని ఢిల్లీ జట్టు 55 లక్షలకు తీసుకుంది. అంత లెక్క కంటికి కనబడితే నలుగురు అనే మాటకు బరువు తగ్గుతుంది. టెన్నిస్‌లో అలాంటి లెక్క మొదటి వంద ర్యాంకుల లోపలే ఉంది. మూడు వందల దగ్గర ఆగినవారికి చప్పట్లు తప్ప జీతం లేదు.

అనంతపురం వేరే కొలబద్ద పట్టుకుంది

రాయలసీమలో టెన్నిస్ గురించి మాట్లాడుతూ అనంతపురం ఊసెత్తకుంటే సమీక్ష కుంటుపడుతుంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ, ఆర్‌డీటీ, అక్కడ స్పోర్ట్స్ విలేజ్ నడుపుతోంది. 2010 అక్టోబర్‌లో రఫెల్ నాదల్ స్వయంగా వచ్చి తన ఫౌండేషన్ తరఫున ఆ ఆవరణలో టెన్నిస్ పాఠశాల తెరిచాడు. చుట్టుపక్కల పేద ఇళ్ల ఆడపిల్లలు, మగపిల్లలు బడి అయ్యాక వచ్చి రాకెట్ పడతారు, ఇంగ్లిషు, కంప్యూటరు నేర్చుకుంటారు, మంచి తిండి తింటారు. చాంపియన్లను తయారుచేయడం ఈ బడి పెట్టుకున్న లక్ష్యం కాదు. ఆడపిల్ల పొట్టి బట్టల్లో కోర్టు మీద మగపిల్లాడికి ఎదురుగా నిలబడి, నెట్ దగ్గర చేయి కలిపి బయటికి రావడమే దాని ఫలితం.

నాదల్ పేరుతోనే స్పెయిన్‌లోని మయోర్కాలో ఇంకో అకాడమీ ఉంది. అది అగ్రశ్రేణి ఆటగాళ్ల కోసం. కోయంబత్తూరు అమ్మాయి మాయా రాజేశ్వరన్ అక్కడ సాధన చేస్తోంది. 2025 ఫిబ్రవరిలో పదిహేనేళ్లకే ముంబయి డబ్ల్యూటీఏ 125 టోర్నీ సెమీఫైనల్ దాకా వచ్చింది. ఒకే మనిషి పేరు మీద రెండు బడులు, రెండిటి దారులూ వేరు. అనంతపురం బడిని ‘ఇన్నేళ్లలో ఒక్క ర్యాంకు ప్లేయర్నన్నా ఇచ్చిందా’ అని అడగటం అన్యాయం. అదే సమయంలో, అక్కడ పదేళ్లకే మంచి చేతివాటం కనబరిచిన పిల్లను తర్వాతి మెట్టుకు ఎవరు తీసుకెళ్లాలన్న ప్రశ్నను సేవ పేరుతో దాటవేయడమూ కుదరదు. 

పదో తరగతి గడప

ఇన్ని వాదాల మధ్య ఎవరూ సరిగా పట్టించుకోనిది ఒకటుంది. జూనియర్ టెన్నిస్‌లో పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య ఏళ్లు అత్యంత కీలకం. మహిళల టెన్నిస్ నిబంధనల ప్రకారం పద్నాలుగు నిండేదాకా ప్రొఫెషనల్ టోర్నీల్లో ఆడనివ్వరు, పద్దెనిమిది దాకా సంఖ్య మీద పరిమితి ఉంటుంది. కాబట్టి ఆ నాలుగేళ్లలోనే జూనియర్ టోర్నీలు, చిన్న ప్రొఫెషనల్ టోర్నీలు కలిపి తిరగాలి. తెలుగు ఇళ్లలో సరిగ్గా ఆ నాలుగేళ్లలోనే పదో తరగతి, ఇంటర్, ఈఏపీసెట్, నీట్ వచ్చి పడతాయి. ఇంటర్ అంటే చాలామందికి రెసిడెన్షియల్ కాలేజీ, తెల్లవారుజామున స్టడీ అవర్, ఆదివారం వీక్లీ టెస్టు. ఆ టైమ్‌టేబుల్‌లో ఆటకు చోటులేదు.

అంతకుముందు ఏళ్లలో టెన్నిస్ నేర్పించే ఇళ్లలో కూడా కొందరి కన్ను ర్యాంకు మీద కాదు, స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ మీద ఉంటుంది. పోటీ తక్కువున్న ఆట కదా, స్కూల్ గేమ్స్‌లో జిల్లా, రాష్ట్ర స్థాయి దాకా తొందరగా పోవచ్చని లెక్క. ఇందులో తప్పు పట్టాల్సింది లేదు. సీటు చేతికొచ్చాక రాకెట్ అటక ఎక్కుతుంది, అంతే.

వేంపల్లెలో ఈ లెక్క మరీ కళ్లెదుటే ఉంటుంది. అదే మండలంలోని ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ నడుస్తోంది. పదో తరగతిలో మంచి మార్కులు వస్తే ఊరి బడి పిల్లకే సీటు, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, ఆరేళ్లకు ఇంజినీరు. సొంత మండలంలో, హాస్టల్‌తో సహా. పదిహేనేళ్ల కూతురున్న రైతుకు ఒక పక్క ఈ గేటు కనిపిస్తుంది. ఇంకో పక్క మంచి రాకెట్ ఒక్కటే పదిహేను వేలు, కొద్ది రోజులకే జీవం పోయే మూడు బంతుల డబ్బా, ఏ దేశంలో ఉందో తెలియని డబ్ల్యూ15. ఆయన ఏది ఎంచుకుంటాడో చెప్పడానికి సమాజశాస్త్రం అక్కర్లేదు. ఆ ఎంపికలో వెనకబాటుతనమూ లేదు. 1990ల మాస్కో తండ్రి ముందు ఇడుపులపాయ లేదు. మన తండ్రి ముందు ఉంది. చదువు ఇంత నమ్మకంగా అన్నం పెడుతున్నచోట టెన్నిస్ ఓడిపోవడం టెన్నిస్ తప్పొక్కటే కాదు.

నా అంచనాలో చర్చకు ఇరుసు ఇదే. ప్రతిభ, గురువు, కోర్టు అన్నీ పదిహేనేళ్లలోపు మాటలు. పదిహేనో ఏట ఆ ఇంటికి రెండో దారి ఎంత భద్రంగా కనిపిస్తుందన్నదాన్ని బట్టే మిగతాది నడుస్తుంది.

ఈ ముడిని కొంతమేరకు విప్పిన దారి ఒకటుంది, అమెరికా కాలేజీ. సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ మీద చదివి వచ్చి, 2014 ఇంచియాన్ ఏషియాడ్‌లో సానియాతో కలిసి మిక్స్‌డ్ స్వర్ణం గెలిచాడు. యామలపల్లి సహజ టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఆడింది. 2024 అక్టోబర్‌లో మెక్సికోలోని టాంపికోలో మాజీ యూఎస్ ఓపెన్ చాంపియన్ స్లోన్ స్టీఫెన్స్‌ను వరస సెట్లలో ఓడించింది. చదువు పోదు, ఆట పోదు, తిండి, కోచ్, ప్రయాణం యూనివర్సిటీవి. తెలుగు నడిమి తరగతి మనస్తత్వానికి ఇంతకన్నా కుదిరే ఏర్పాటు లేదు. అయితే ఆ స్కాలర్‌షిప్ దొరకాలంటే పద్దెనిమిదేళ్లకు ముందే జూనియర్ ఫలితాలు చూపించాలి. మళ్లీ ఆ నాలుగేళ్ల దగ్గరికే వస్తాం. ఇరవై రెండేళ్లకు బయటికొచ్చేసరికి రష్యన్ అమ్మాయి అప్పటికే నాలుగైదేళ్లుగా టూర్‌లో ఉంటుందనేది విమర్శకుల మాట. ఇప్పుడు క్రీడాకారిణులు ముప్పై దాటీ ఆడుతున్నారు కాబట్టి ఆ ఆలస్యానికి మునుపటంత ధర లేదు. సానియా 2018లో బిడ్డను కని, 2020 జనవరిలో తిరిగొచ్చి హోబర్ట్‌లో డబుల్స్ గెలిచింది. 2025 నుంచి డబ్ల్యూటీఏ వేతనంతో ప్రసూతి సెలవు కూడా ఇస్తోంది. 

ఇంకా తేలనివి

మొదటిది ప్రజల డబ్బు సంగతి. గెలిచాక కోటి ఇచ్చే సంప్రదాయం మనకు బాగా అలవాటు. తెలుగు క్రీడాకారిణి యడ్లపల్లి ప్రాంజల 2018లో మూడు వందల లోపు ర్యాంకుకు చేరి, ఆ తర్వాత గాయాలతో వెనకబడింది. సరిగ్గా అలాంటి మెట్టు మీద, అలాంటి ఏడాదిలో ఫిజియో, ప్రయాణం, వైద్యం ఎవరు చూడాలన్నదానికి రెండు రాష్ట్రాల్లోనూ స్థిరమైన పద్ధతి ఏర్పడలేదు. ఒక్కరి మీద కోట్లు పెట్టాలా, ఆ డబ్బుతో జిల్లాకు నాలుగు కోర్టులు వేయాలా అన్న వాదులాట ఇంకా సాగుతోంది. చైనా 2008 తర్వాత లీ నా లాంటి కొద్దిమందిని సర్కారు పట్టు నుంచి వదిలి, సంపాదనలో ఎక్కువ భాగం వాళ్లనే ఉంచుకోనిచ్చింది. 2011లో ఆమె ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. కానీ వదలడానికి ముందు తయారుచేసింది సర్కారే.

రెండోది కొలత. సానియా తర్వాత సింగిల్స్‌లో మొదటి వందలో అడుగుపెట్టిన భారతీయ మహిళ లేదు. అంకితా రైనా 160 దాకా వచ్చింది. దీన్ని వైఫల్యం అందామా, లేక దేశంలో ఇప్పుడు మూడు, నాలుగు వందల మధ్య ఒక గుంపు తయారైంది, అందులో తెలుగు అమ్మాయిలు ఇద్దరు ముగ్గురున్నారు, అది సానియా కాలంలో లేని బలం అందామా? శిఖరం చూసేవారు మొదటిదంటారు, మైదానం చూసేవారు రెండోది. నాకు రెండో మాటే సరైనదనిపిస్తుంది, కానీ గుంపులోంచి ఒకరైనా 230 లోపుకు నిలకడగా చేరేదాకా దాన్ని గట్టిగా చెప్పలేం.

మూడోది చాలా చిన్నదిగా కనిపిస్తుంది. దేశంలో మహిళల ఐటీఎఫ్ టోర్నీలు ఎక్కువగా చలికాలంలో, ఎండలు ముదరకముందు పడతాయి. ఇంటర్ ప్రాక్టికల్స్, పరీక్షలు ఫిబ్రవరి, మార్చిలలో. బెంగళూరులో జనవరిలో మెయిన్ డ్రా ఆడిన పదహారేళ్ల అమ్మాయి హాజరు తక్కువైందని హాల్ టికెట్ కోసం ప్రిన్సిపాల్ గది బయట నిలబడకుండా చూడటానికి అకాడమీ అక్కర్లేదు, కోట్లూ అక్కర్లేదు. సప్లిమెంటరీని మొదటి ప్రయత్నంగానే లెక్కించే ఒక జీవో చాలు. అది క్రీడా శాఖ ఇవ్వాలా, ఇంటర్మీడియట్ బోర్డు ఇవ్వాలా అన్న దగ్గర ఫైలు ఆగుతుందని అనుభవజ్ఞులు ముందే నవ్వుతారు.